ఏడు దీనార్ల కుర్చీ

శుక్రవారం సంతలో ఎండ రేకుల మీద పడి
కింద మమ్మల్ని వేయిస్తా ఉంది.
మంచాలు నిలబడి ఉండాయి, వాటికి పరుపులు ఆనుకోని ఉండాయి,
ఎవరో ఖాళీ చేసిపోయిన ఇంటి సోఫా
పొట్ట చీలి స్పంజి చూపిస్తా ఉంది.
ఖైరున్ ఇస్త్రీపెట్టె కోసం వచ్చింది.
నేను దేనికొచ్చినానో పైకి చెప్పబుద్ధి కాలేదు.

కుర్చీ.

కువైట్‌లో దిగినాక
నేర్చుకోకుండానే వచ్చిన మాట అదొక్కటే.
కుర్సీ, అనింది మేడమ్, వేలు చూపిచ్చి.
మన కుర్చీనే. నడమ కొంచెం అరిగినట్టుంది, అంతే.
భోజనాల బల్ల చుట్టూ పద్నాలుగు కుర్సీలు,
కాళ్లకు పులిపంజాలు, వీపులకు బంగారు తీగెలు.
తొమ్మిదేండ్లు ఆ సందుల్లో
పాత బనియన్ గుడ్డ దూర్చి తుడిచినా.
ఏ కుర్సీకి ఏ కాలు లొడలొడో నాకు తెలుసు,
ఏది ఎంత మెత్తనో తెలీదు.
నేను తినేది వంటింట్లో, గ్యాసుబండ పక్కన,
బోర్లించిన పెరుగు బక్కెట్టు మీద.
బక్కెట్టును తప్పు పట్టను. మంచి బక్కెట్టు.

"కూచోని చూడు బెహన్" అన్యాడు అంగడాయన.
సిలెట్ మనిషంట, పేరు మొఫిజుల్.
కూచోని చూడాలని నాకు తోచనే లేదు.
తిరగేసి కాళ్ల కింద చూస్తాండా,
సందులో దుమ్మెంతుందో వేలు పెట్టి చూస్తాండా.
కుర్చీని చూడ్డమంటే నాకు అదే.

మొదటిది ఆఫీసుది, చక్రాలది.
కూచోంగానే ఎనక్కి జారింది, ఖైరున్ పడీ పడీ నవ్వింది.
రెండోది తెల్ల ప్లాస్టిక్‌ది,
పెండ్లిండ్లకు అద్దెకు తెచ్చే రకం. వద్దంటి.
మూడోది కొయ్యది. చేతులుండాయి.
ఎడమ చేతి కొసన పాలిష్ పోయి నున్నగుంది.
ఎవరో చానా ఏండ్లు ఆడ బొటనవేలు రుద్దుకుంటా
ఏందో యోచన చేసినారు.

పది దీనార్లన్యాడు. నాలుగంటి.
"నాలుక్కి కాళ్లు మాత్రం ఇస్తా."
"ఒక కాలు ఎట్లా ఊగుతాంది, మూడు కాళ్ల దుడ్డు తీసుకో."
ఏడు దగ్గర ఇద్దరం అలిసిపోయినాం.

హాఫ్ లారీకి ఇంకో మూడు దీనార్లంట, కుర్చీలో దగ్గర దగ్గర సగం.
మోసుకోని బస్టాపుకు పోతిమి.
ఆడ బెంచీ లేదు. జనం నిలబడి ఉండారు.
నేను దించి, రోడ్డు వైపు తిప్పి, కూచుంటి.
ఒక బస్సు ఆగి, కుర్చీని చూసి, పోయింది.
రెండోదీ పోయింది.
నాకేం తొందర లేదు.

ఖైతాన్‌లో ఇనుప సామాన్ల అంగడి.
బంక ట్యూబు నన్నూరు ఫిల్సు, మరలు నాలుగు నూరు,
ఉప్పుకాగితం ఒకటి ఉత్తపుణ్యానికి ఇచ్చినాడు.
కాళ్లకు రబ్బరు బూట్లు ఇన్నూట యాభై,
కింద కాపురముండే ఈజిప్టోళ్లు అరవకుండా.

రూములో ఆరుగురం, మూడు రెండంతస్తుల మంచాలు.
తలుపు తీస్తే కుర్చీకి తగుల్తాంది.
"మనకే చోటు లేదు, దీనికి బాడుగ ఎవరు కడతార్మే?"
పెంచలమ్మ రెండు దినాలు గొణిగింది.
మూడో దినం దాంట్లో కూచోనే తల దువ్వుకుంటా ఉండాది.
ఇప్పుడు ఇంటికి వీడియో చేసేటప్పుడు
మంచాలు కనపడకుండా గోడకు తిప్పుకోని
అందరూ దాంట్లోనే కూచుంటారు.
రాయచోటిలో ఒక పిల్లోడు అడిగినాడంట,
మా, నీ రూములో కుర్చీలు ఎన్ని?

పదకొండు దాటినాక నా వంతు.
లైటు తీసేసి ఉంటాది. ఏసీ నీళ్లు కారే సద్దు.
కొసన కూచుంటా, ఎవరో పిలిస్తే లేయనీకి తయారుగా.
వీపు ఇంకా ఆనలేదు.
ఏడు దీనార్లలో వీపుభాగం ఎంతో,
ఆ దుడ్డు ఇంకా దండగే.

బొటనవేలు మాత్రం
చీకట్లో ఆ నున్నటి చోటు వెతుక్కోని
తనంతట తాను రుద్దతా ఉంది.