తుంపర పడిన గడి

చిత్తూరు కలెక్టరాఫీసు రికార్డు రూములో
ఎర్రగుడ్డ మూట విప్పితే
ముందు వెండిపురుగులు లేస్తాయి,
తర్వాతే వాన.

పలమనేరు తాలూకా. వాన లెక్కల పుస్తకం.
అంగుళాలు, సెంట్లు, తెలుగు అంకెలు.
౩ కి తోక ఎక్కువ, ౬ కి కడుపు ఎక్కువ.
రాసింది చెంగల్రాయ మొదలి, గుమాస్తా.
పొద్దున ఎనిమిదికి కొలపాత్ర వంచడం,
చూడడం, రాయడం, సంతకం.
నలుసంత సంతకం.

నా పని పేజీకి ఫొటో తీసి పంపడం.
రోజుకు రెండు వందలు, కాంట్రాక్టు.
మా అత్త అడిగింది:
"పాత వానలు పట్టకపొయ్యి
ఆ దేశాలోళ్ళు ఏం జేసుకుంటారు మే?"
చెప్పలేకపోయాను.
ఇంకిపోయిన నీళ్ళకు ఎవరు బిందె పెడతారు?

పెట్టారు.
ఒక్కో పేజీకి ముగ్గురు, మూడు దేశాల్లో.
ఒకరు చదివింది ఇంకొకరికి కనపడదు.
మూడు చేతులూ ఒకే అంకె వేస్తేనే అది అంకె.
మా ఊరి పంచాయితీలో
పొలం గట్టుకైనా ఇంత సాక్ష్యం అడగరు.

బెర్గెన్ ఊళ్ళో హల్దిస్ అని ఒకామె,
ఓడల మీద వంట చేసి చేసి మానేసింది.
నేను రాసి పంపిన చీటీ పక్కన పెట్టుకుని
౧ నుంచి ౯ దాకా నేర్చుకుంది.
ఒకనాడు అడిగింది:
"ఇక్కడ సున్నాకు ముందు ఏదో ఉంది.
సున్నాకు ముందుండేది ఎంత?"

చూశాను. 'తుం'.
తుంపర అని రాయబోయి గడి చాలక ఆగాడు మొదలి.
పాత్ర అడుగున ఏమీ నిలవలేదు,
అయినా నేల తడిసింది, ఆయన చొక్కా తడిసింది,
ఉత్త సున్నా వేయడానికి మనసొప్పలేదు.
అమ్మా, అది లెక్క సున్న కాదు,
అక్షరం పక్కన కూర్చునే నిండు సున్న
అని రాశాను.
కొలతకు అందనంత వానకు
వాళ్ళ పట్టికలో ముందే ఒక గుర్తుంది: టి.
టి అంటే ఏదో జాడ అట.
నాకు మాత్రం తుంపరలో మొదటి అక్షరమే.

అదే పుస్తకం, పంతొమ్మిది వందల పద్దెనిమిది, నవంబరు.
పదకొండు గడులు ఖాళీ.
ఖాళీకి కోడు మైనస్ తొమ్మిది వందల తొంభై తొమ్మిది.
వాన సంగతి తెలియదు, చూసే మనిషి లేడు, అని దాని అర్థం.
ముగ్గురూ అదే వేశారు.
అంచున గోరంత అక్షరాలు వాళ్ళు చదవలేరు కదా:
"ఇంట మైల. కొలత లేదు."
దానికి గడి లేదు.
కింద, వివరాల చోట, రాసి పెట్టాను.

మూడో రోజు ఆపియా నుంచి సీనా,
సముద్రం నడుమ దీవి, తన ఊరి పుస్తకం తనే చదువుకుంటోంది:
"మాకూ ఆ నెలే. పంతొమ్మిది గడులు.
తర్వాత చేతిరాత మారింది."
హల్దిస్ రాసింది, "మా రేవులో అక్టోబరు."
కేప్ కోస్ట్ నుంచి ఎవరో
తేదీలు మాత్రం పంపారు, మాట లేకుండా.

వాన కోసం పరిచిన పట్టికలో
జ్వరం నడిచిన అడుగులు.
ఎవరి పుస్తకం వాళ్ళ బీరువాలోనే ఉండుంటే
ఒక గుమాస్తా పదకొండు రోజులు
పని ఎగ్గొట్టాడనుకుని పేజీ తిప్పేదాన్ని.

పన్నెండో రోజు పలమనేరులో మళ్ళీ అంకె.
౩ కి తోక లేదు.
గీతలు దాటే లావు అంకెలు,
మిట్టెక్కే మేకపిల్లల మాదిరి ఒకదాన్నొకటి తోసుకుంటూ.
సంతకం చోట సిరామరక.
౦ అంగుళం, ౪౦ సెంట్లు.
పది మిల్లీమీటర్లు, చిల్లర.
ముగ్గురూ ఒప్పుకున్నారు.

రాత్రి సంగటి కెలుకుతూ వినింది అత్త.
"నలభై సెంట్లంటే ఎంత పదును?"
నాలుగేళ్ళ లోతు ఉంటుందేమో అన్నాను.
కట్టె తిప్పడం ఆపింది.
"ఎవురి బిడ్డో,
కొలిచేటప్పుడు తడిసుంటాది."

రేపు మదనపల్లె మూట విప్పాలి.