గేజీ ఓదెలు

సిరొంచ రేవులో, మెట్ల పక్కన
తెలుపూ నలుపూ గళ్ల ఇనుప స్తంభం.
దాని మీది అంకె చదవడమే మా ఓదెలు మామ నౌకరి.
వానాకాలం గంటకోసారి,
ఎండల్ల పొద్దుటొకటి, మాపటొకటి.
నోట్లో తెలుగు లెక్క, పుస్తకంలో మరాఠీ:
"ఎనిమిదిన్నర" అని గొణిగి
"సాడే ఆఠ్" అని రాసేవాడు.

ఈ నీళ్లెక్కడివి మామా అంటే
వేలు ఉత్తరానికి లేచేది.
వార్ధా బొగ్గు గనుల్ని రాసుకుంటూ వస్తది,
వైన్‌గంగ వరిమళ్ల లోంచి వస్తది,
కలిసినకాడ పాత పేర్లు విడిచిపెట్టి
ప్రాణహిత అవుతయి.
మన రేవు దాటి గోదాట్ల పడతది.
"ఎండాకాలం చూడు బిడ్డా,
నీళ్లు మనయి, పేరు దానిది"
అని నవ్వేవాడు, బీడీ ఆరిపోయేదాకా.

రేవు కింద పాచి పట్టిన రాతిగోడ ముక్క.
బేరారు పత్తిని పడవల్లో సముద్రానికి దింపుదామని
దొరలు మొదలుపెట్టి
జ్వరాలకు జడిసి వదిలేసిందట.
దాని మీద లస్మక్కత్త దుప్పట్లు ఉతుకుతది.
దొరతనం ఎంత గరుకో ఆ దుప్పట్లకు తెలుసు.

టేకు దుంగలు తెప్పలై తేలిపోయిన కాలం
మామ చూళ్లేదు, వాళ్ల తాత చూసిండు.
మామ చూసింది పడవలు:
మిరప బస్తాలు, మేకలు,
తడవకుండా డోలు నెత్తిన పెట్టుకున్న పెళ్లి బ్యాండు,
ఒకసారి నొప్పులు పడుతున్న మనిషి.
నడి ఏట్లో పుట్టిన ఆ పిల్లకు
ఏ రాష్ట్రం కాగితమివ్వాలో తేలక
రెండు ఆఫీసులూ ఏడాది తిప్పినయి.

ఆ పిల్లను నేనే.

తర్వాత వంతెన వచ్చింది, పడవలు బోర్లా పడుకున్నయి.
తర్వాత దిగువన బ్యారేజి గేట్లు దిగినయి.
నడిచే నది నిలబడింది.
మేము పుచ్చపాదులు పెట్టే ఇసుకలో
జెల్లలు తిరిగినయి.

ఆ శ్రావణం రాత్రి స్తంభమే మునిగింది.
టార్చి నా చేతిలో. వెలుగు వణుకుతోంది,
నేను కాదనుకున్న.
నాగపూర్ నుంచి ఫోను: "కితీ?"
"మా ఇంటి మూడో మెట్టు, సాబ్."
"మీటర్లలో చెప్పు."
"నాలుగో మెట్టు."
"అరే, మీటర్లలో!"
"తిరగలి మునిగింది, సాబ్. రాసుకోండ్రి."

నీళ్లు తీసినంక వాళ్లు జీపులో వచ్చి
గోడ మీది ఒండ్రు గీతను టేపుతో కొలిచి
ఖాళీ గళ్లు నింపుకొని పోయిన్రు.
తిరగలి సంగతి ఏ గడిలోనూ పట్టలేదు.
ఆ గీత మీద సున్నం వేయనీయదు అత్త.
ఎందుకంటే చెప్పదు.

ఇప్పుడు మామ కండ్లల్ల శుక్లాలు.
మెట్టు మీద కూచుని
నీళ్ల చప్పుడు విని అంకె చెప్తడు,
రెండు వేళ్లు అటూ ఇటూగా.
ఈ పూట నేనే దిగి చదివిన.
నాలుగుంబావు.
"సవా చార్" అని రాసిన.