మూడో రాయి

ఇరవై అంకెలు.
ఒక్కటి తప్పితే ఇల్లు వెలగదు.
నేను చీటీ మీద రాసిస్తాను.
వాళ్ళు మీటరు ముందు నిలబడి
చంటిపిల్లకి గోరుముద్ద పెట్టినట్టు
ఒక్కో అంకే నొక్కుతారు.
సేవా నది ఒడ్డున, మా ఊళ్ళో
కరెంటు అమ్మేది నేనే, లహాయ్‌ని.
చొక్కా కంపెనీది.
చెమట నాది, తిట్లూ నావే.

స్తంభాలు ప్రభుత్వానివి.
సోలార్ పలకలు, బ్యాటరీలు కంపెనీవి.
అవి ఎండ కాగుతూ పడుకున్న నేల
నిన్నటిదాకా జెనెబా కసావా చేను.

సంతకాల రోజు చావడి నిండిపోయింది.
ఫ్రీటౌన్ నుంచి వచ్చినాయన
'భాగస్వామ్యం' అని ఆగి నావైపు చూశాడు,
మెండేలో చెప్పమని.
నాకు మాట దొరకలేదు.
పెళ్ళికి ఒక మాటుంది, అప్పుకి ఒకటుంది,
ఒకే వలని ఇద్దరు లాగడానికీ ఉంది.
ఈ మూడూ కలిపి ఉడికిస్తే వచ్చేది, అన్నాను.
నవ్వారు.
"అయితే పొయ్యి," అంది జెనెబా,
"సర్కారు ఒక రాయి, కంపెనీ ఒక రాయి, మేమొకటి.
ఏది జరిగినా కుండ ఒలుకుతుంది."
చప్పట్లు. ఫ్రీటౌన్ ఆయన అది రాసుకున్నాడు.
ఆవిడ ఇంకా కూర్చోలేదు.
"కట్టెలు ఎవరివి?"
అది రాసుకోలేదు.

ధర ఎక్కువని రోజూ గొడవే.
రాజధానిలో ఇంత లేదటగా, అంటారు.
నిజమే.
కానీ రాజధాని తీగ వస్తుందని
మా తాత చూశాడు, మా నాన్న చూశాడు.
ఎదురుచూపుకి యూనిట్ ఎంత, నువ్వే చెప్పు.
కిరసనాయిలు పొగని ఏ లెక్కలో కడతావు?
నర్సు సియా టార్చిలైటు పళ్ళతో కరిచి పట్టుకుని
పదకొండేళ్ళు పురుళ్ళు పోసింది.
ముందుపన్ను మీద ఆ గాటు
ఇప్పటికీ నవ్వితే కనిపిస్తుంది.
అందుకే ఈ చొక్కా వేసుకున్నాను.
కంపెనీ మీద ప్రేమతో కాదు.

ఆగస్టు వచ్చింది.
తొమ్మిది రోజులు సూర్యుడు మొహం చూపించలేదు.
ఒప్పందం తీసి మొదటి పేజీ నుంచి చదివాను.
డాలరు పడిపోతే ఏం చేయాలో ఉంది.
యుద్ధమొస్తే ఏం చేయాలో ఉంది.
వాన అన్న మాట లేదు.
కరెంటు తగ్గితే ముందు ఫోన్ టవరుకి, తర్వాత రైసు మిల్లుకి,
మిగిలితే ఇళ్ళకి.
ఆస్పత్రిని ఇళ్ళలో కలిపేశారు.

ఆ రాత్రే నొప్పులతో ఒకమ్మాయిని
పడవలో తెచ్చారు, నది అవతలి నుంచి.
బ్యాటరీ అడుగంటింది.
నేను ఇంజనీరుకి ఫోన్ చేస్తూనే ఉన్నాను,
టవరు నిక్షేపంగా పనిచేస్తోంది,
ఆయనే ఎత్తలేదు.

జెనెబా తన ఫ్రీజరు తీగ పీకేసింది.
తలమీద ప్లాస్టిక్ తట్ట బోర్లించుకుని
వానలో ఇల్లిల్లూ తిరిగింది,
తలుపు కొట్టి ఒకే మాట:
"ఆర్పెయ్."
ఊరు వరసగా నల్లబడుతూ వచ్చింది
బడి వీధి, మసీదు వీధి, రేవు.
చివరికి ఒక్క కిటికీ మిగిలింది.
దాని వెనక సియా రెండు చేతులూ ఖాళీగా ఉన్నాయి,
బిడ్డని అందుకోవడానికి.

తెల్లారేసరికి రెండు గంపల చేపలు కుళ్ళిపోయాయి.

ఉత్తరం రాశాను.
సర్కారు కంపెనీనడగమంది,
కంపెనీ సర్కారునడగమంది.
మళ్ళీ రాశాను.
ఐదో ఉత్తరానికి, ఏడు నెలలకి,
ఒప్పందానికి ఒక పేజీ అతికించారు.
వానాకాలంలో ముందు ఆస్పత్రి.
మూడు ముద్రలు, మూడో ముద్ర ఊరిది.
ఆ పేజీని చావడిలో
నేను తడుముకోకుండా మెండేలో చదివాను.

చేపల సంగతి అందులో లేదు.

జెనెబా ప్రతి సోమవారం వస్తుంది.
పూర్తి డబ్బు లెక్కపెట్టి ఇస్తుంది,
ఒక్క లియోన్ తగ్గించదు.
చీటీ తీసుకుని, వెళ్తూ వెళ్తూ,
"రెండు గంపలు, లహాయ్," అంటుంది.
కంపెనీ ఇచ్చిన పుస్తకంలో
అలాంటి బాకీకి గడి లేదు.
చివరి అట్ట లోపల నేనే స్కేలు పెట్టి గీసి
పైన పేరు రాశాను:
కట్టెలు.