తొడిమలు తీసిన వాక్యాలు

బ్రాడీపేటలో జిరాక్స్ షాపు మేడ మీద
సాయంత్రం ఆరింటి బ్యాచ్‌కి
ముందు తుమ్ము వస్తుంది,
తర్వాత సైదాబి వస్తుంది.
పొద్దుటి నుంచీ యార్డులో మిరపకాయల తొడిమలు తీసి
ఆ ఘాటంతా కొంగున మూటగట్టుకుని వస్తుంది.
వెనక బెంచీలో డిగ్రీ పిల్లలు కర్చీఫులు తీస్తారు.
ఆమె పట్టించుకోదు.

టిక్కీల మీద నల్లరంగు అక్షరాలు
కూడబలుక్కుని చదవడం తనంతట తనే నేర్చింది.
లాట్. నెట్ వెయిట్. తేజ.
ఇంట్లో ఉర్దూ, యార్డులో తెలుగు,
ఇంగ్లీషు మూడో కోడలు,
ఇంకా మాట కలపలేదు.

నేనిచ్చిన పుస్తకం మూడో రోజే తిరిగిచ్చేసింది.
"ఎలక టోపీ పెట్టుకుంది, పిల్లి కేకు తినింది,
నాకు నలభై నాలుగేళ్ళు మేడమ్.
జరిగింది కావాలి.
మాటలు చిన్నవి ఇవ్వండి,
సంగతి చిన్నది ఇవ్వమాకండి."

వెతకడం ఇంత పని అనుకోలేదు.
ఆదివారం బస్సెక్కి బెజవాడ వెళ్ళాను.
ఏలూరు రోడ్డు పాత పుస్తకాల కొట్లలో
గొంతుక్కూర్చుని దుమ్ము దులిపాను.
అట్ట మీద "ఈజీ" అని ఉన్న హిస్టరీలో
మొదటి వాక్యం మొదలై
పేజీ తిప్పాక గానీ ఆగలేదు.
పోటీ పరీక్షల గైడులో యుద్ధాలన్నీ
నాలుగు ఆప్షన్లు, ఒక టిక్కు.
ఆరో తరగతి పుస్తకం కాస్త నయం,
ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగు.
సింధు నాగరికత స్నానవాటికలోకి
ఎవరో పిల్లాడు బాల్‌పెన్నుతో మొసలిని వదిలాడు.
పదిహేను రూపాయలిచ్చి కొన్నాను.

మొసలికి నవ్వింది సైదాబి.
తర్వాత వేలు కదిలిస్తూ, పెదాలు కదిలిస్తూ
రెండు వారాలు చదివింది.
"రాజులు బాగానే ఉన్నారు" అంది.
"ఇది బ్రాడీపేట కదా మేడమ్,
బ్రాడీ ఎవరు?"

నాకు తెలియదు.
ఇరవై ఏళ్ళుగా నా కరపత్రాల మీద అచ్చవుతున్న పేరు,
నాకు తెలియదు.
కింద షాపాయన్నడిగితే
"ఎవరో దొర" అన్నాడు.
అంతకన్నా చిన్న మాటల్లో చరిత్ర ఎవరూ చెప్పలేరు.

ఆ రాత్రి లావు పుస్తకాలు ముందేసుకుని
నేనే రాయడానికి కూర్చున్నాను.
బ్రాడీ దొరకలేదు, మిరపకాయ దొరికింది.
ఒక్కో వాక్యమూ పట్టుకుని
"వేర్‌బై"లూ "నాట్‌విత్‌స్టాండింగ్"లూ
పుటుక్కున గిల్లి పక్కన పోశాను.
తెల్లారేసరికి
పది వాక్యాలు మిగిలాయి.

చిల్లీ వాజ్ నాట్ హియర్.
ఇట్ కేమ్ బై షిప్.
అక్కడే ఆగిపోయింది సైదాబి.
"మిరపకాయ మనది కాదా?"
కాదు. పోర్చుగీసు వాళ్ళు తెచ్చారు.
"మరి అంతకుముందు కారం?"
మిరియాలు.
చాలాసేపు అరచేతులు చూసుకుంది,
అవీ అప్పుడే ఓడ దిగినట్టు.

"కమ్‌కి కేమ్, గోకి వెంట్.
హిస్టరీ అంటే అంతా రెండో కాలమేనా?"
దాదాపు అంతే, అన్నాను.
"మరి చేతుల మంట?
అది యే కాలమ్‌లో రాయాలి?"

సుద్దముక్క పట్టుకుని బోర్డు వైపు తిరిగాను.
ఫ్యాను తిరుగుతోంది. కింద ఎవరో ఆధార్ కాపీలు
రెండు వైపులా కావాలంటున్నారు.

నేను ఇటు తిరిగేసరికి
నా పది వాక్యాల కింద
పెన్సిలుతో పదకొండోది ఉంది:
ఐ కమ్ బై లారీ. నైంటీ ఎయిట్.
పిడుగురాళ్ళ సున్నపు బట్టీల నుంచి అట,
ఇన్నాళ్ళూ ఏ భాషలోనూ చెప్పలేదు.

కమ్ కాదు, కేమ్.
ఎర్రపెన్ను మూత తీశాను,
మళ్ళీ పెట్టేశాను.
కాగితం పట్టుకుని మెట్లు దిగాను.

"ఎన్ని?" అన్నాడు షాపాయన.
పదిహేను.
వెనక బెంచీక్కూడా.