రెండు సెకన్ల ఖాళీ

రాత్రి పదిన్నరకి ఆటోనగర్ కాస్త చల్లబడుతుంది.
లేతు మీద గోనెపట్టా కప్పి
షట్టర్ సగం దించి
కూలెంట్ డబ్బాకి ఫోన్ ఆనిస్తాను.
ఏ ఊరాయనో తెలియదు ఆ మాస్టారు.
నీలం చొక్కా, గొంతులో జలుబు.
ఆ జలుబు కూడా రికార్డయిపోయింది,
ఎన్నాళ్ళు చూసినా తగ్గదు.

ఫీజు లేదు.
ఈ ఊళ్ళో ఆ మాట పైకి అనడానికి కాస్త ధైర్యం కావాలి.
పొద్దున్నే సైకిల్ మీద బెంజి సర్కిల్ దాటేటప్పుడు
హోర్డింగుల మీద ర్యాంకుల మొహాలు
పైపైనే చూస్తుంటాయి, ఫ్లైఓవర్ వంక.
ఈయన నన్ను చూస్తాడు.
అంటే,
చూస్తున్నట్టుంటాడు.

తొమ్మిదో తరగతిలో బడి మానేసినవాణ్ణి.
మా లెక్కల సారుని రెండోసారి అడిగితే కోపం,
మూడోసారికి డస్టరు.
ఈయన్ని ఒక్క రాత్రిలో ఏడుసార్లు వెనక్కి లాగాను,
విసుక్కోలేదు.
నా బొటనవేలి గ్రీజు ఆయన చెంప మీద మరకయింది,
తుడుచుకోకుండానే నవ్వుతూ చెప్పాడు
ఎదుటి భుజం బై ఆసన్న భుజం.

టేపరు తిప్పడం నాకు వచ్చు.
సుభానీ భాయ్ నేర్పాడు:
"కొంచెం... ఇంకొంచెం... చాల్రా"
అదే కొలబద్ద, పదహారేళ్ళుగా.
ఆ "కొంచెం" అసలు పేరు టాన్ తీటా అని
ముప్పై రెండేళ్ళ వయసులో తెలిసింది.
చేతుల్లో ఉన్నదానికి పేరు దొరికిన రాత్రి
ఎవరికైనా చెబుదామని షట్టరెత్తి చూస్తే
ఎదురు షెడ్డు కుక్క తప్ప ఎవరూ లేరు.
దానికే చెప్పాను.

పాఠం చివర ఆయన అడుగుతాడు, "అర్థమైందా?"
అడిగి రెండు సెకన్లు ఆగుతాడు.
"లేదు సార్" అంటాను.
"వెరీ గుడ్" అంటాడు.

మొన్న ఒక పిన్ను వచ్చింది, ట్రాక్టర్‌ది.
లావు వైపు నలభై, సన్నం వైపు ముప్పై, పొడవు యాభై.
ఈసారి "కొంచెం" వద్దనుకుని
సిమెంటు కాగితం మీద లెక్క వేశాను.
తేడా పది. పది బై యాభై.
పదకొండు డిగ్రీల చిల్లర.
ఎక్కడో తేడా కొట్టింది. మళ్ళీ పాఠం పెట్టాను.
ఆయన సరిగ్గానే చెప్పాడు.
నేను తప్పే రాశాను.
మళ్ళీ పెట్టాను.
ఆయన సరిగ్గానే.
నేను తప్పే.
ఆయన త్రిభుజం ఆయన బోర్డు మీదుంది,
నాది ఈ మసి కాగితం మీద.
రెండిటికీ మధ్య గాజు,
గాజు ఇటునుంచి అటు చూపించదు.

పొద్దున వచ్చాడు ఏసుపాదం,
పోయినేడు పదిలో లెక్కలు పోయి నా దగ్గర చేరినవాడు.
కాగితం తిరగేసి, తల గోక్కుని,
"అన్నా, ఇట్టా తిప్పితే కొస ఇరవైకి దిగిపోద్ది" అన్నాడు.
"ఎట్టా చెప్పావురా?"
"చువ్వ తిరుగుద్ది గదన్నా, రెండు పక్కలా తెగుద్ది.
పదీ ఒక పక్కే తీసేత్తే ఎట్టా?
ఐదిటు, ఐదటు."

ఐదు బై యాభై.
ఐదు డిగ్రీల నలభై మూడు నిమిషాలు.
పిన్ను సాకెట్లో ఠక్కున కూర్చుంది.
వాడికి టాన్ తెలియదు.
చువ్వ తిరుగుద్దని తెలుసు.
నా కాగితం వాడికి కనపడింది, అంతే.

ఆ రాత్రి వాడు ఇంటికి పోలేదు,
ఇంకో డబ్బా బోర్లించుకుని పక్కన కూర్చున్నాడు.
మధ్యలో ప్రకటన వచ్చింది,
లక్షా ఎనభై వేల కోచింగు.
ఐదు సెకన్లలో దాటేశాం.
అంత సులువుగా మేం దాటగలిగింది అక్కడొక్కచోటే.

మళ్ళీ అదే నీలం చొక్కా, అదే జలుబు.
ఎదుటి భుజం, ఆసన్న భుజం.
"అర్థమైందా?"

ఫోన్ ఆపి
ఏసుపాదం మొహం చూశాను.

కాలేదు.

సుద్దముక్క కోసం వెతికితే దొరకలేదు.
లేతు మీద పట్టా లాగేసి
బెడ్డు మీది నూనెలో
వేలితో గీయడం మొదలుపెట్టాను.