పట్టాలు కప్పండి

లాలాపేటలో మా అత్తరు కొట్టు వెడల్పు
ఒక మనిషి చేతులు చాచినంత.
పొడవు సంగతి అడక్కండి,
రాత్రిళ్ళు కాళ్ళు ముడుచుకునే పడుకుంటాను.

నాన్న ఉన్నన్నాళ్ళూ
మల్లె, గులాబీ, ఊదు.
నిఖాలకీ, ఉరుసుకీ, రంజాను నమాజుకీ
అవి చాలేవి.
ఈ వాన పిచ్చి నాది.

రోహిణిలో రోళ్ళు పగులుతాయంటారు.
పగిలిన రోలు నేను చూళ్ళేదు గానీ
పగిలిన నేలని మాత్రం సంచిలో మోసుకొచ్చాను.
కొల్లిపర లంకల్లోంచి ఒండ్రు,
ప్రత్తిపాడు పొలంగట్టు మీంచి రేగడి.
బిళ్ళలు చేసి, మేడ మీద ఎండబెట్టి,
రాగి డేగిశాలో ఆవిరి పట్టాను.
గంధం నూనె ఆ ఆవిరిని అందుకుంది,
కాలువ దాటే పిల్లకి అవతలి గట్టు మీంచి
ఎవరో చెయ్యి అందించినట్టు.

మూడుసార్లు ఉత్త బురద.
నాలుగోసారి చలివేంద్రంలో కొత్త కుండ.
తర్వాతవి పారబోశాను, చెప్పుకునేవి కావు.
ఏడోసారి
ఏమీ లేదు.
మణికట్టు మీద రాసుకుని మర్చిపోయాను.
సాయంత్రం మజ్జిగ గ్లాసు ఎత్తినప్పుడు
ఎక్కడో, చాలా దూరంగా,
ఏటుకూరు అవతలో ఎక్కడో
వాన పడింది.

కాలేజీ కుర్రాడు వాసన చూసి
"ఏం రావట్లేదు కాలేషా భాయ్,
గట్టిదేదైనా ఇవ్వు" అన్నాడు.
వాడి తప్పు కాదు.
గాలే ఘాటుగా ఉండే ఊళ్ళో
మెల్లగా మాట్లాడేదాన్ని ఎవరు వింటారు?

దీనమ్మ కొనడానికి రాలేదు.
ఐదొందలకి చిల్లర అడగడానికొచ్చింది.
మిర్చి యార్డులో తొడిమలు తీస్తుంది, ఇరవై రెండేళ్ళుగా.
రాత్రి చేతులు నీళ్ళల్లో ముంచితే
నీళ్ళే మండుతాయంటుంది.
చిల్లర లెక్కపెడుతూ సీసా చూపించాను.
"నా ముక్కు ఎప్పుడో చచ్చింది బాబూ.
పులుసు మాడినా పక్కింటోళ్ళొచ్చి చెప్పాల్సిందే."
అయినా చెయ్యి చాపింది,
పిల్లాడి ఆటకి ఒప్పుకున్నట్టు.

ఒక్క చుక్క.

అర నిమిషం ఏమీ కాలేదు.
తర్వాత దీనమ్మ లేచిన ఊపుకి
స్టూలు వెనక్కి పడింది.
"పట్టాలు!" అంది. "పట్టాలేవిరా, కప్పండి!"
వీధిలోకి చూసింది.
తెల్లగా కాలుతున్న ఎండ.
మబ్బు తునక లేదు.
ఆటోవాడు సీటు మీద అడ్డంగా పడి నిద్రపోతున్నాడు.

నవ్వింది. కొంగుతో మొహం తుడుచుకుంది.
మళ్ళీ నవ్వబోయి మానేసింది.

"మీకిది సెంటు బాబూ. మాకు పరుగు.
చినుకు వాసన తగిల్తే చాలు
ఎవరి టిక్కీలు, ఎవరి కూలి అని చూడం,
లాక్కుంటూ పోవడమే.
ఒకేడు వినుకొండ వైపు రైతొకాయన
పట్టా చాలక
తన పంచె విప్పి కాయల మీద కప్పాడు.
పంచె ఎంత? పంట ఎంత?
ఆయన డ్రాయరుతో నిలబడి
తడుస్తున్న తేజాని చూస్తా ఉంటే
మేం అటు తిరిగి నిలబడ్డాం."

నేనేమీ అనలేకపోయాను.
సీసా మూత బిగించాను,
బిగిసిన మూతనే మళ్ళీ బిగించాను.

వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగింది.
"ఒకటి తక్కువైంది ఇందులో.
గోనె తడిసిన వాసన లేదు.
అది లేకండా గుంటూర్లో వానెక్కడిది?"

చిల్లర జాకెట్లో దోపుకుని వెళ్ళిపోయింది.
మలుపు దగ్గర
మణికట్టు ముక్కు దాకా తీసుకెళ్ళింది,
దోమ కుట్టిన చోట గోక్కున్నట్టు,
ఎవరూ చూడట్లేదనుకుని.

రాత్రి యార్డు గేటు దగ్గర
చిరిగిన టిక్కీ గుడ్డ ఒకటి అడుక్కొచ్చాను.
తడిపి, మట్టి బిళ్ళల మధ్య పరిచి
పొయ్యి ముట్టించాను.
ఆవిరి లేస్తుంటే తుమ్మాను, దగ్గాను,
కళ్ళల్లోంచి నీళ్ళు కారుతుంటే
ఇది పాడైపోయిందనే అనుకున్నాను.

అంతలో పక్క మేడ మీద
ఎవరో ఆరేసిన బట్టలు
గబగబా తీస్తున్న చప్పుడు.