మాటకు ముందర

పోర్టు ఆసుపత్రి, మూడో వార్డు, పదకొండో మంచం.
ఇనుప ఖనిజం కోసం వచ్చిన ఓడలోంచి దింపారు అతన్ని,
గోళ్ల సందుల్లో ఇంకా ఎర్ర దుమ్ము.
పేరు థనాసిస్. వయసు యాభై తొమ్మిది.
దేశం గడిలో గ్రీసు అని రాసి
కింది గడిలో, రోజూ రాసే చేత్తోనే,
డిస్ప్నియా అని రాశాను.

అతను మాస్కు కాస్త పక్కకి జరిపి
నా కాగితాన్ని తలకిందులుగానే చదివాడు.
దగ్గుకీ దగ్గుకీ మధ్య నవ్వాడు.
"ధీస్ప్నియా," అన్నాడు, నన్ను దిద్దుతున్నట్టు.
"ధిస్ అంటే చెడ్డ. మిగిలింది ఊపిరి.
సిస్టర్, మీకు మా భాష వచ్చా?"

నాకేం వచ్చు.
నర్సింగు మొదటేడు దమయంతి సిస్టర్
స్కేలుతో వేళ్ల మీద కొట్టి నేర్పిన తలకాయలూ తోకలూ.
హైపర్ అంటే మీద, హైపో అంటే కింద,
ఒక్క అక్షరం జారితే ఒక మనిషి జారిపోతాడే పిల్లా, అనేది.
జాలారిపేట దాన్ని,
ఒకటి పోటనీ ఒకటి ఆటనీ గుర్తుపెట్టుకున్నాను.
రక్తపోటులో ఉన్నది
మా అయ్య తెప్ప దాటే పోటే కదా.

రాత్రి రెండింటికి
అతనికి నిద్ర లేదు, నాకు కూర్చునే తీరికుంది.
"పెరి," అన్నాడు, వేలితో గాలిలో సున్నా చుట్టి.
గుండె చుట్టూ ఉండే పొర పేరులో ఉన్నదే
మా వీధి చివర సిగరెట్లమ్మే బడ్డీ పేరులోనూ ఉంది, అన్నాడు.
నీళ్లు చేరింది ఆ పొరలోనే.
ఎక్స్‌రేలో గుండె కుండలా కనబడింది.
అది నేను చెప్పలేదు.

నాకు ఎనిమిదో తరగతి గది గుర్తొచ్చింది.
మున్సిపల్ స్కూలు, ఎండుచేపల వాసనొచ్చే కిటికీ,
బంకుపల్లి మేష్టారి బెత్తం తాళానికి
ప్ర, పరా, అప, సం, అను, అవ...
పరి అంటే చుట్టూ.
దుస్ అంటే చెడ్డ, దుర్వాసన, అని
ఆయన మా వరస వైపు చూసేవారు.
మిగతా వరసలు నవ్వేవి.

ఇరవై రెండేళ్లకి
ఒక పరాయి ముసలాడి నోట్లో అవే ముక్కలు.
పెరి, పరి. ధిస్, దుస్. అపో, అప.
ఒకే కుండలో గంజి తాగి వేరుపడ్డ
అన్నదమ్ముల మనవల్లా,
ముక్కు ఒకటే, యాస వేరు.

నీ పేరుకి అర్థమేటి? అడిగాను.
అసలు పేరు అథనాసియోస్ అట.
ముందర ఒక అ ఉండేదట,
పిలిచీ పిలిచీ అరిగిపోయిందట.
థానాతోస్ అంటే చావు.
అ అంటే లేదు.

అ.
అక్క నాచేత తడి ఇసకలో రాయించింది దాన్ని,
కెరటం వచ్చి చూసుకుపోయింది.
అ అంటే అమ్మ అన్నారు.
అ అంటే లేదు కూడానని
అప్పుడెవరూ అనలేదు.

మా ఇంటి తెలుగులో
ముందర నిలబడి అడ్డం చెప్పే ముక్క లేదు.
కాదన్నది ఆఖర్న వస్తుంది మాకు.
బతక... అన్నదాకా
గలడో లేడో ఎవరికీ తెలీదు.
ఆ సందులో, వరండాలో,
ఎంతమందిని నిలబెట్టానో.
వాళ్లు నా నోటినే చూస్తూ,
నేను గుటక మింగుతూ.

తెల్లారి డాక్టరుగారు సూదితో నీళ్లు తీశారు.
అరలీటరుకి కొంచెం తక్కువ, టీ రంగు.
నాలుగో రోజు ఓడ ఇక ఆగదని ఏజెంటు వచ్చాడు.
థనాసిస్ నా పెన్ను తీసుకుని
కేసుషీటు మీద తన పేరు ముందు
రెండు వాసాలు, మధ్యన అడ్డకర్ర, వాళ్ల అ గీశాడు.
గుమ్మం దగ్గర వెనక్కి తిరిగి
చేత్తో ఛాతీ తట్టి చూపించాడు.
ఆ తర్వాత సంగతి నాకు తెలీదు,
సముద్రం డిశ్చార్జి కాగితాలు ఇవ్వదు.

వారానికి రికార్డు రూం అప్పలకొండ
కాగితం పట్టుకొచ్చాడు.
"ఓడ కాగితంలో పేరుకీ దీనికీ కలవట్లేదు సిస్టరూ,
ఆ ముందర గీత బేగి కొట్టీండి, ఫైలు మూసీయాల."
పెన్ను మూత తీశాను.
నేను దాన్ని
కొట్టెయ్య
లేదు.